ఫౌంటెన్ కిందికెల్లి జవాబు

ఊరి పేరు మాత్రం అడుగొద్దు. ఖానాపూర్ దాటి మంచిర్యాల దిక్కు వస్తుంటె తగులుతది, గంతే చెప్త. మా బిడ్డ అత్తగారోళ్ళు గా దగ్గర్నే ఉంటరు. రేపు నా నోటికెల్లి వచ్చిందని తెలిస్తె కొట్లాట నా ఇంటికే వస్తది.

గా టౌన్ల ఒక పార్కున్నది. పెద్దగేం కాదు. గేటు కాడ ఎర్ర గుండె బొమ్మ, దాని పక్కన ఊరి పేరు, లైట్లు. లోపట సిమెంటు జిరాఫీ, రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబండ. నడుమ ఎండిపోయిన ఫౌంటెన్. పొద్దంత మంచిగనే ఉంటది, పిల్లలు ఆడుకుంటరు. పొద్దుగూకిందంటె మాత్రం... ఒక్కరుండరు.

ఎందుకంటె, గా జాగల ఒకప్పుడు పాత దవాఖాన ఉండె. ఇప్పుడు ఫౌంటెన్ ఏడున్నదో, సరిగ్గ గక్కడనే శవాల గది ఉండెనట. దవాఖాన కూలగొట్టిన్రు, పార్కు కట్టిన్రు. కట్టినప్పటి సంది ఒకటే ముచ్చట — చీకటి పడ్డంక ఫౌంటెన్ కాడ కూసుంటె కిందికెల్లి ఎవరో కొడతరని. మరి ఎవరు విన్నరని అడుగు, ఒక్కడు ముందట పడడు. అంత పక్కింటోళ్ళు చెప్పిందే.

నా సంగతి చెప్పాల్నంటె, నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. మనుషుల మీద అసలే లేదు. పేరు సంతోషమ్మ అని పెట్టిన్రు గని, మా క్వార్టర్లల్ల నన్ను అనుమానాల అక్క అంటరు. అననియ్యి. గీ ముచ్చట మా చెల్లె క్యాథరిన్ నాకు చెప్పింది, చెప్పుకుంట చెప్పుకుంట రెండు సార్లు ఏడ్చింది. దాంట్ల అబద్ధం లేదు.

క్యాథరిన్ మొగడు తిమోతి. ముప్పై రెండేండ్లు బొగ్గుబాయిల పని చేసి రిటైరైండు. భూమి లోపట కప్పు కూలకుంట దుంగలు నిలబెట్టే పని. గా పనోళ్ళకు ఒక అలవాటుంటది. యాడికి పోయినా ముందుగాల కప్పును కర్రతోని కొట్టి ఇనాలె. ఖణ్ అంటె గట్టిగున్నట్టు. బోలుగ పలికిందంటె లోపట డొల్ల, ఉరకాలె. రిటైరై నాలుగేండ్లయినా ఆయన చెయ్యి ఊకుంటలేదు. చర్చి స్తంభం కొడతడు, చుట్టాలింట్ల గోడ కొడతడు. మా కొత్తిల్లు గృహప్రవేశానికి వచ్చి, ప్రార్థన నడుస్తుంటెనే హాలు గోడ కొట్టి, "వదినె, మేస్త్రి నిన్ను ముంచిండు" అన్నడు. అందరి ముందట. నిజమే, ముంచిండు గని, గట్ల చెప్తరా?

పోయిన డిసెంబరుల, క్రిస్మస్ ఇంక పదిరోజులున్నదనంగ, మొగడు పెండ్లాలిద్దరు కడెం డ్యామ్ చూసొస్తమని బస్సెక్కిన్రు. చూసిన్రు, చేపల పులుసు తిన్నరు, తిరుగు బస్సుల గీ టౌన్ల దిగిన్రు. మంచిర్యాలకు చివరి బస్సు ఏడుంబావుకు. ఇంక గంటకు పైనే ఉన్నది.

"బస్టాండ్ల కూసోని ఏం చేస్తం? గా పార్కన్న చూసొద్దాం పా" అన్నది మా చెల్లె.

గేటు ముందట చాయ్ అమ్మే ఆమె ఉన్నది, కిష్టవ్వ అని. చాయ్ పోసుకుంట వీళ్ళ మొఖాలు చూసింది.

"చూసుడైతె చూడుండ్రి" అన్నది మెల్లగ. "లైట్లు ఎయ్యంగనె బయటికి రాండ్రి. ఫౌంటెన్ కాడ మాత్రం కూసోకుండ్రి."

"ఎందుకవ్వా?"

ఆమె అటు ఇటు చూసింది. "నిన్న రాత్రి గూడ కొట్టింది. రీల్స్ తీస్తందుకు వచ్చిన పోరగాండ్లు ఇద్దరు చెప్పులిడిసిపెట్టి ఉరికిన్రు."

తిమోతి నవ్విండు. మా చెల్లె నవ్వలే. లోపటికి పోయేటప్పుడు గేటు పక్కపొంటి ఒక బైకు నిలబెట్టి ఉన్నది ఆమెకు కనబడ్డది. సీటు మీద ఎండుటాకులు మందంగ పడి ఉన్నయి. ఎవరిదో పాపం, ఊకె ఎండకు పెట్టిన్రు అనుకున్నది. గంతకంటె ఎక్కువ అనుకోలే.

జిరాఫీ చూసిన్రు. దాని కాడ ఫోటో దిగిన్రు. ఆరు దాటంగనె చలికాలం చీకటి పడనే పడ్డది. ఉన్న నలుగురు పోయిన్రు. తిమోతికి మోకాళ్ళు గుంజుతున్నయి, కూసోని పోదామన్నడు. కూసుంటందుకు సరైన గద్దె ఒక్కటే ఉన్నది — ఫౌంటెన్ కాడిది.

కూసున్నరు. ఆయన చేతికర్ర ఆయన చేతుల ఊకుంటదా? అలవాటు ప్రకారం కింద బండల మీద కొట్టిండు.

ఠక్. ఠక్. ఠక్.

బోలుగ పలికింది. "కింద డొల్ల ఉన్నది" అన్నడు పెండ్లాంతోని.

గప్పుడు... కిందికెల్లి —

ఠక్. ఠక్. ఠక్.

క్యాథరిన్ చేతిల ఉన్న నీళ్ళ సీసా జారింది. "యేసు రక్తమే జయం, యేసు రక్తమే జయం" అనుకుంట మొగని భుజం పట్టుకున్నది. "లెవ్వు. పోదాం లెవ్వు."

తిమోతి లెవ్వలే. ఆయన మొఖంల రక్తం లేదని చెప్పింది మా చెల్లె. దెయ్యం భయం కాదది. నాకు తెల్సు అదేందో.

శానేండ్ల కింద ఒక బాయిల కప్పు కూలింది. నలుగురు బయటపడ్డరు, ఒకాయన పడలే. రాళ్ళ అవతల్నుంచి కొడుతున్న సప్పుడు తిమోతి ఒక్కనికే ఇనబడ్డది. చెప్పిండు. "రాళ్ళు సర్దుకుంటున్నయి, గట్లనే పలుకుతయి, పైకి నడువు" అన్నడు పెద్ద సారు. నడిచిండు. మూడో దినం తీసినప్పుడు గాయన చేతుల సుత్తి ఉండెనట. తర్వాత ఒక ముసలి మేస్త్రి తిమోతికి చెప్పిండు — నువ్వు ఎన్ని కొడితె అన్నే తిరిగి కొట్టిందంటె అది రాయి కాదు బిడ్డా, మనిషి. గా మాట ముందుగాల తెల్వనందుకు ఆయన గిప్పటిదాక కుములుతనే ఉన్నడు.

తిమోతి గద్దె మీదికెల్లి జారి బండల మీద కూసున్నడు. నాలుగు కొట్టిండు.

ఆగిండు.

కిందికెల్లి నాలుగు వచ్చినయి.

"క్యాథీ" అన్నడు గుసగుసగ. "గీడ మనిషున్నడు."

గంతల్నే ఎనుకకెల్లి టార్చ్ లైటు మొఖాల మీద పడ్డది. వాచ్‌మన్. మంకీ క్యాపు, మెడల ఈల. పోశం అని పేరు. "టైమైంది కాకా, లెవ్వుండ్రి. గేటు ఎయ్యాలె."

"తమ్మీ, గీ ఫౌంటెన్ కింద ఏమున్నది?"

"ఏం లేదు. మట్టి."

"మట్టైతె గిట్ల పలుకది. లోపట ఎవరో ఉన్నరు. నేనెన్ని కొడితె అన్నే తిరిగి కొడుతున్నరు."

పోశం బండల దిక్కు చూడలే. అది మా చెల్లె కనిపెట్టింది. కింద సప్పుడైతున్నదంటె ఎవరైనా కిందికే చూస్తరు. గీయన చెట్ల దిక్కు చూసిండు, గేటు దిక్కు చూసిండు, తన బూట్లు చూసుకున్నడు గని... బండల దిక్కు మాత్రం చూడలే. నేనైతె గప్పుడే కాలర్ పట్టుకుందు.

"గీ జాగ మంచిది కాదు కాకా" అన్నడు. "ఊరందరికి తెల్సు. మీ బస్సు పోతది, పోండ్రి."

తిమోతి ఇనలే. కర్రతోని కొట్టుకుంట ఫౌంటెన్ చుట్టు మోకాళ్ళ మీద పాకిండు. గా మోకాళ్ళకు నెలకొక ఇంజెక్షను ఇప్పిస్తరు, చెప్తున్న. ఎనుక దిక్కు, మొక్కల సాటుకు పోయిండు. గక్కడ కర్ర ఇనుము మీద పడ్డట్టు పలికింది. ఒక ఇనుప మూత. మోటారు గుంతది. దానికి తాళం.

"మట్టన్నవు గద?"

పోశం టార్చ్ లైటు పక్కకు తిప్పిండు.

"తాళం తియ్యి."

"చాబీ నా తాన లేదు. ఆఫీసుల ఉన్నది."

"నడుముకు ఏలాడుతున్నదేంది మరి?" అన్నది మా చెల్లె. భయపడుకుంటనే అన్నది.

పోశం చాబీల గుత్తిని చేతితోని మూసిండు. గొంతు ఇంక తగ్గిచ్చిండు. "అమ్మా... నేను పిల్లలున్నోన్ని. గిది ఇప్పితె ఏమొస్తదో తెల్వది. లెక్క పెట్టి కొడుతున్నదంటున్నరు. దెయ్యానికి లెక్క రాదని ఎవరు చెప్పిన్రు?"

నిజమే గద, ఎవరు చెప్పిన్రు? బస్టాండు దిక్కుకెల్లి బస్సు హారను ఇనబడ్డది. మా చెల్లె మొగని దిక్కు చూసింది. ఆయన బస్సు దిక్కు చూడనే లే. ఒంగి, మూత మీద ఏడు కొట్టిండు.

ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదు... ఆరు...

ఆగిపోయింది.

పోశం రెండడుగులు ఎనుకకు ఏసిండు. శానసేపటికి, అసలు ఇనబడనట్టుగ —

ఠక్.

తిమోతి కండ్లల నీళ్ళు తిరిగినయి. "చూసినవా" అన్నడు. "అలసిపోయిండు. సచ్చినోడు అలసిపోడు తమ్మీ."

ఇగ గప్పుడు మా చెల్లె చేసిన పని చెప్త ఇనుండ్రి. ఇంట్ల బొద్దెంక కనబడితె మంచమెక్కే మనిషి. సీదా పోశం ముందటికి పోయి చెయ్యి చాపింది. "తే. నీకు భయమైతె కండ్లు మూసుకో." పోశం కదలకపోతె, ఆమెనే నడుము కాడికెల్లి గుత్తి గుంజుకున్నది. మూడో చాబీకి తాళం ఊడింది.

మూత బరువున్నది. మొగడు పెండ్లాలిద్దరు పట్టి లేపిన్రు. ఉచ్చ వాసన, పాకురు వాసన మొఖం మీదికి కొట్టింది. క్యాథరిన్ ఫోన్ లైటు లోపటికి పట్టింది. ముందు ఏం కనబడలే. తర్వాత ఒక చెయ్యి... తెల్లగ, సిమెంటు పొడి అంటుకోని, గోర్లు చితికిపోయి. మెల్లగ లైటు దిక్కు లేచింది.

మా చెల్లె గా చెయ్యి పట్టుకున్నది. చల్లగున్నదట గని, అది తిరిగి పట్టుకున్నది.

మనిషే. తర్వాత తెల్సింది — రవి అని, మోటార్లు బాగుచేసే మెకానిక్. ముప్పై ఏండ్లుంటయి. క్రిస్మస్, కొత్త సంవత్సరానికి ఫౌంటెన్ నడిపియ్యాలని కాంట్రాక్టరు పంపిండు. శనివారం సాయంత్రం దిగిండు. ఫౌంటెన్ కింది సందుల పాక్కుంట పోయి, పండుకోని బోల్టులు ఇప్పుతుండు. తిరిగొచ్చేసరికి మూత పడి ఉన్నది, తాళమేసి ఉన్నది. ఫోను నీళ్ళల్ల పడ్డది. పెండ్లాం కాన్పుకు తల్లిగారింటికి పోయింది. కాంట్రాక్టరేమో పని ఎగ్గొట్టి పోయిండనుకున్నడు. బయట గా ఆకులు పడ్డ బైకు గీయనదే. రెండు దినాలు గుంతల మిగిలిన నీళ్ళు తాగి, పానాతోని పైన బండను కొట్టుకుంటున్నడు. పొద్దంత పిల్లల లొల్లిల ఎవరికి ఇనబడలే. రాత్రి ఇనబడ్డోళ్ళేమో...

సరే, గా రెండు రాత్రుల్ల ఊరోళ్ళు ఎంతమంది విన్నరో ఎవరూ చెప్పరు. నేనడిగిన, మా బిడ్డ అత్తను గూడ అడిగిన. మాకేం తెల్వదు అన్నది. గా మాట జర తొందరగనే అన్నది.

కిష్టవ్వ ఉరికొచ్చి పాలు తాగిపిచ్చింది. జనం జమైన్రు. గేటు బయట నిలబడి తొంగి చూసిన్రు గని, లోపటికి రాలే. 108 బండికి ఫోను చేసిన్రు. రవి ఒంటి మీద క్యాథరిన్ తన శాలువ కప్పింది. గొంతు పోయింది ఆయనకు, మాట రాలే, పెదవులు ఊకె ఆడుతున్నయి. తిమోతి ఆయన పక్కకు బండల మీదనే కూసోని చెయ్యి ఇడవలే. "కొట్టుకుంట ఉన్నవు, మంచి పని చేసినవు కొడుకా" అని అదే మాట మల్ల మల్ల అంటున్నడు. చివరి బస్సు ఎప్పుడు పోయిందో ఇద్దరికి తెల్వది.

పోశం గూడ గక్కడనే తిరుగుతుండు. నీళ్ళు తెచ్చిండు, జనాన్ని జరుపుతుండు. అందరికి చెప్తుండు — శనివారం మూత తెరిచున్నది, పిల్లలు పడతరని ఏసిన, లోపట మనిషున్నడని నాకేం తెల్సు, నేను చూడలే, సప్పుడు గూడ నేను ఇనలే, గీ కాకా చెప్పినంకనే తెల్సింది అని. అందరు తలలూపిన్రు. భయం ఎవరికుండదు? మా చెల్లెకు గూడ పాపమనిపిచ్చింది.

బండి వచ్చింది. స్ట్రెచరు ఎక్కిస్తుంటె పోశం ఒక దిక్కు పట్టిండు. "ఏం కాదు తమ్మీ, ధైర్యంగుండు" అన్నడు.

రవి కండ్లు తెరిచిండు. గా గొంతు ఇన్నంక ఆయన మొఖం మారిందని చెప్పింది మా చెల్లె. తలను మెల్లగ పోశం దిక్కు తిప్పిండు. మిగిలిన గొంతంత కూడగట్టుకోని, గాలి లెక్క, గుసగుసగ అన్నడు —

"నిన్న రాత్రి మూత మీద వంగి, ఎవరు నువ్వని అడిగింది నువ్వే గద అన్నా... పేరు చెప్పిన. ఊరు చెప్పిన. నా పెండ్లాం పేరు గూడ చెప్పిన."

పోశం స్ట్రెచరు పట్టుకోని, బండి లైటు దిక్కు చూసుకుంట గట్లనే నిలబడ్డడు.