రెండు పడవల చోటు

మొదటి రోజే ఆమె అతని కాలు తొక్కింది. అలా ఇలా కాదు, బూటు మడమతో, ఒంటి బరువంతా వేసి మరీ తొక్కింది. అప్పుడే వాన వెలిసింది. పడవల క్లబ్బు వరండాలో నేలంతా తడి, జనమంతా గోడవారగా ఒదిగి నిలబడ్డారు. ఆమె చేతికర్ర తాటించుకుంటూ వచ్చి సరిగ్గా అతని ఎడమ పాదం మీద ఆగింది.

అతను కిక్కురుమనలేదు.

"ఎవరి కాలో తొక్కినట్టున్నాను," అంది.

"నాదేనండి."

"మరి అబ్బా అనరేం?"

"నొప్పి లేదండి. అది ప్లాస్టిక్ కాలు."

ఆమె నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. చూపులేని మనిషికి రోజూ ఎన్నో కాళ్ళు అడ్డం వస్తాయిగానీ, తొక్కడానికి ఇంత వీలైన కాలు ఇన్నాళ్ళకి దొరికిందంది. ఇక కోపమొచ్చినప్పుడల్లా దాన్నే తొక్కుతానని అడక్కుండానే మాటిచ్చింది.

ఆమె బడిలో లెక్కలు చెబుతుంది కాబట్టి క్లబ్బులో అందరికీ టీచరు. అతను రేవు వీధిలో తెరచాపలు కుడతాడు కాబట్టి దర్జీ. లారీ కింద పడి కాలు పోయినప్పటి నుంచి అతనికి నేల మీద కంటే నీళ్ళ మీదే సుఖం. అక్కడ ఎవరి ఒళ్ళయినా ఊగుతుంది. ఎవడు కుంటో ఎవడు కాదో తెలియదు.

వాళ్ళ పందేల్లో పడవకి ఇద్దరు. చూపులేని మనిషి చుక్కాని పడుతుంది. రెండో మనిషి తెరచాప తాళ్ళు పట్టుకుని, ఎదుట ఏముందో నోటితో చెప్పాలి. టీచరుకి అంతవరకూ కళ్ళుగా ఉన్న స్నేహితురాలు పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళిపోయింది. ఆ చోట్లో కోచ్ దర్జీని కూర్చోబెట్టాడు.

క్లబ్బుకి ఒక కట్టుబాటుంది. ఒడ్డు వదిలాక గాలి, దూరం, పక్క పడవ, ఈ మూడు మాటలే నోట్లోంచి రావాలి. ఊసులన్నీ ఒడ్డునే. టీచరు సొంత కట్టుబాటు ఇంకోటుంది. నీళ్ళలో తేలే నారింజరంగు డ్రమ్ముల్ని చుట్టి తిరగాలి కదా, అక్కడ డ్రమ్ముకీ పక్క పడవకీ మధ్య రెండు పడవల చోటుంటే దూరడం, ఒక్కటే ఉంటే తప్పుకోవడం. ఎంతుందో చెప్పడం దర్జీ పని.

గాలి ఎటుందో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. మెడ కాస్త తిప్పి, చెంప ఆనించి చూసుకునేది. ఆ చెంప వంక దర్జీ చూడాల్సినదానికంటే ఎక్కువే చూసేవాడు. ఆమెకేం తెలుస్తుందిలే అనుకునేవాడు.

"దూరం చెప్పండి," అనేది ఆమె. "గుటకలు తర్వాత మింగుదురుగాని."

ఒకరోజు సాధనలో దర్జీ రెండు పడవలన్నాడు. ఉన్నమాటే అది. ఆమె దూరింది. పక్క పడవవాడు తూలి మీదికొచ్చాడు. వాడి తెరచాప అడుగున అడ్డంగా ఉండే దుంగ తిరిగి ఆమె కనుబొమకి తగిలింది. ఆసుపత్రిలో కుట్లు వేశారు. వంకర కుట్లు. రోజూ సూది పట్టే చెయ్యి కాబట్టి దర్జీ కళ్ళకి ఆ వంకర మరీ గుచ్చుకుంది.

అప్పటినుంచి అతని లెక్క మారింది. రెండు పడవల చోటుంటే ఒకటే అనేవాడు. మూడున్నా ఒకటే. ఆమె నమ్మి తప్పుకునేది. ఏ పందెంలో దిగినా నాలుగో స్థానం వాళ్ళకి రాసిపెట్టినట్టయింది. ఆమె కనుబొమ మాత్రం భద్రంగా ఉంది. దర్జీకి అది చాలు.

ఆమెకి చాలదు. దేశాల మధ్య జరిగే పెద్ద పందేనికి క్లబ్బు నుంచి ఒక్క పడవే వెళుతుంది. వచ్చే ఆదివారం పోటీలో ఎవరు గెలిస్తే వాళ్ళు. చదువుకునే రోజుల నుంచీ ఆమె కోరిక అదొక్కటే.

గుట్టు బయటపెట్టింది ఆమె అమ్మమ్మ. ఆవిడ గొడుగేసుకుని, మడతకుర్చీలో కూర్చుని సాధన చూసేది. ఆ వారం ఒక సాయంత్రం మనవరాలు ఒడ్డెక్కగానే, "ఏమే, అంత సందుంటే ఎందుకు తప్పుకున్నావు? బస్సు దూరిపోయేది," అంది.

పిల్లల లెక్కలో తప్పు దొరికినప్పటి మొహం పెట్టింది టీచరు. ఆ ముందు పందెంలో ఎంత సందుందని అడిగింది. అమ్మమ్మ పాపం ఉన్నదున్నట్టు చెప్పింది, రెండు బస్సులని.

టీచరు దర్జీ వైపు నడిచి వచ్చింది. ఈసారి కర్రతో తడిమి, చూసి చూసి మంచి కాలే తొక్కింది.

"అబ్బా," అన్నాడు దర్జీ.

"నాకు కనపడదు. అది నాకు పాతదే," అంది ఆమె. "ఎదుట ఉన్నది నాకు తెలియకుండా చెయ్యడం మాత్రం మీరొచ్చాకే. ఆ పని ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు."

మర్నాటినుంచి ఆమె కోచ్‌ని వెంటబెట్టుకుని నీళ్ళలోకి వెళ్ళింది. దర్జీ కొట్లో కూర్చుని ఒకే తెరచాపని కుట్టాడు, విప్పాడు, మళ్ళీ కుట్టాడు. మిషను మీద ఉన్న కాలు ప్లాస్టిక్‌దో అసలుదో తెలియనంత మొద్దుబారిపోయాడు.

శనివారం జల్లు పడుతుంటే టీచరు కొట్టు గుమ్మంలో నిలబడింది. జుట్టు మీద చినుకులు, చేతిలో కర్ర. కోచ్‌కి గాలి చూడ్డం వచ్చుగానీ నోరు ఊరుకోదట, పడవలో కూర్చున్నా కోచింగే ఇస్తాడట. పైగా పందెం రోజు ఆయన ఒడ్డున ఉండాలి. అదంతా చెప్పి, అసలు సంగతికొచ్చింది.

"ఎందుకు చేశారో అమ్మమ్మ ఊహించి చెప్పింది. మీ నోటితో చెప్పండి."

"మీ కుట్లు చూడలేకపోయానండి."

"ఆ కుట్లు నావి. రోజూ తడుముకుంటాను. అయినా చుక్కాని వదిలేశానా?"

"లేదండి."

"మరి మీరెందుకు వదిలేశారు?"

దర్జీ తల వంచుకున్నాడు. వంచుకున్నట్టు ఆమెకి కనపడదని గుర్తొచ్చి, తప్పయిందని పైకే అన్నాడు. ఆదివారం ఒక్క అబద్ధం దొర్లినా అతని కాలు ఊడబీకి దాన్నే తెడ్డుగా వాడుకుంటానని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. ఆ మాటకి దర్జీ ఎంత సంతోషపడ్డాడంటే, గొడుగివ్వడం మర్చిపోయాడు.

ఆదివారం గాలి గట్టిగా ఉంది. చివరి డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి వాళ్ళు రెండో స్థానంలో ఉన్నారు. ముందు పడవ డ్రమ్ముని కాస్త వెడల్పుగా తిరుగుతోంది. మధ్యలో సందు.

"ఎంత?" అంది టీచరు.

దర్జీ చూశాడు. ఒకటి అంటే చాలు, తప్పుకుంటుంది, కనుబొమ నిలుస్తుంది.

"ఒకటిన్నర," అన్నాడు. "నాకు భయంగా ఉందండి."

"భయం గాలీ కాదు, దూరమూ కాదు. ఇక్కడ మాట్లాడకూడదు. ఒకటిన్నరేనా?"

"ఒకటిన్నరే. ఒట్టు."

ఆమె ఆలోచించింది ఒక్క రెప్పపాటు. తర్వాత చుక్కాని తోసింది. పడవ పక్కకి ఒరిగి ఆ సందులోకి దూరింది. ఇటు డ్రమ్ము బరబరా రాసుకుంది, అటు పక్క పడవవాడి తిట్టు చెవి పక్కనే వినబడింది. దర్జీ ఆపకుండా దూరం చెబుతూనే ఉన్నాడు, ఒకటిన్నర, ఒకటి, మళ్ళీ ఒకటిన్నర, బయటపడ్డాం, ఇక అంతా నీళ్ళే. గెలుపు గీత దాటేటప్పుడు వాళ్ళ ముందు ఎవరూ లేరు.

కోచ్ ఈల వేస్తూనే ఉన్నాడు. పడవని ఒడ్డున కట్టేశాక, దర్జీ రేవు చెక్కవంతెన మీద కూర్చుని, పడవెక్కేముందు విప్పిన కాలు తగిలించుకుని లేచాడు. సన్నగా చినుకు మొదలైంది.

"ఒడ్డుకొచ్చాం కదండి," అన్నాడు. "వేరే మాట చెప్పొచ్చా?"

"ఏ మాట?"

"మీకు తెలిసే ఉంటుంది."

"తెలుసు. ఆ గుటకలు విన్నాక తెలియకపోతే ఎలా? అయినా నాకు ఏదైనా నోటితో చెప్పేవాళ్ళే కావాలి."

"మీరంటే నాకు ప్రాణమండి."

ఆమె గాలికి ఆనించినట్టే చెంప అతని వైపు తిప్పింది. కనుబొమ మీది వంకర కుట్టు కూడా నవ్వినట్టయింది.

"మన మధ్య చోటెంత?"

"రెండడుగులు."

"నిజంగానా, తగ్గించారా?"

"నిజంగానే."

మడతకుర్చీలో అమ్మమ్మ గొడుగు కాస్త పైకెత్తి ఇటు చూసింది.

"ఇంకా అంత సందెందుకర్రా," అంది. "బస్సు దూరిపోతుంది."