తడి గోనె

ఆ రోజు కూడా గోదావరి తెల్లారగానే తునికాకు కట్ట విప్పి, ఆకుల మీద తడి గోనె కప్పింది. రోహిణి కార్తె ఎండలకు బోధన్‌లో ఆకును గంటసేపు గాలికి వదిలితే చాలు, పెళపెళా విరిగిపోతుంది. విరిగిన ఆకుతో బీడీ ఎట్లా చుడతారు? తడపడం, కప్పడం, మళ్లీ తడపడం. నలభై ఏళ్లుగా ఆమె చేతులకు అలవాటైన పని.

మెట్ల కింది అర్రలో మిషన్లు అప్పటికే హోరుమంటున్నాయి. కొడుకు శేఖర్ పెట్టిన, బిట్‌కాయిన్లు సంపాదించే మిషన్లవి. పగలంతా డాబా మీది సోలార్ పలకల కరెంటు తాగుతాయి, పొద్దు పోయాక బ్యాటరీలది. ఆ బ్యాటరీలేమో పాత ఎలక్ట్రిక్ ఆటోల్లోంచి పీకినవి, నిజామాబాద్‌లో చవగ్గా దొరికాయని తెచ్చాడు. ఇంట్లో ఉన్న ఒక్క కూలర్నీ వాటికే పెట్టాడు మహానుభావుడు! ఏడు నెలల కూతురికి మాత్రం విసనకర్ర.

అర్ర గోడకు ఇవతలే ఆ పిల్ల ఉయ్యాల. గోదావరి గుబులంతా ఆ గోడ గురించే. వారం నుంచి వేడెక్కుతోంది. పైగా మందులాంటి తియ్యటి వాసనొకటి.

"శేఖరూ, గీ గోడకు ఒక్కసారి చెయ్యి పెట్టి సూడు బిడ్డా."

సెల్‌ఫోన్ షాపు తెరిచే తొందరలో ఉన్న శేఖర్, మిషన్ల వేడి చూపించే తన ఫోను ఆమె ముందు పెట్టాడు. "గిండ్ల సూడవ్వా. అన్నీ మంచిగనే ఉన్నయ్. ఏమన్నయితే ఫోనే చెప్తది."

"ఫోనుకేం ఎరుకరా! గోడ కాలుతుంటే నా చేతికి తెలుస్తలేదా?"

వంటింట్లోంచి కోడలు స్నేహలత అందుకుంది. "అత్త రోజూ మొత్తుకుంటనే ఉన్నది. పిల్ల వీపంత చెమటకాయలే. ఆ కూలరన్న ఇటు తిప్పు."

"మిషన్లు కాలిపోతే?"

"మరి పిల్ల?"

శేఖర్ మొహం గంటు పెట్టుకున్నాడు. "నీ తంబాకు దుమ్ము ఫ్యాన్లల్ల చేరే వేడెక్కుతున్నయవ్వా. ముందుగాల నువ్వు బీడీలు బంద్ జెయ్. గోడ అదే సల్లవడ్తది."

వాణ్ని చదివించింది ఆ తంబాకే. గోదావరి చాట ఎత్తుకెళ్లి వాకిట్లో కూర్చుంది. నిజంగా నా వల్లనే అయితుందా అని ఆ పూటంతా అదే రంధి.

మధ్యాహ్నం ఉయ్యాల ఊపబోతే గోడ చెయ్యి ఆననివ్వలేదు. అర్ర తలుపు తీసింది. వాసన గుప్పుమంది. తలుపు దగ్గర ఆ గోడకే ఆనించి ఉన్న బ్యాటరీని తాకి, "అమ్మో!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆమెకు తెలిసిన వైద్యం ఒక్కటే. ఆకుల మీది గోనె తీసి, నీళ్లలో ముంచి, కొడుకు సొమ్ము చల్లబడాలని బ్యాటరీ మీద కప్పింది.

నీళ్లు తగిలి మిషన్లు ఠక్కున ఆగిపోయాయి.

ఫోను చూసుకున్న శేఖర్ పది నిమిషాల్లో ఇంట్లో ఉన్నాడు. "ఏం జేసినవవ్వా! బ్యాటరీ మీద నీళ్లా? పేలితే అందరం సస్తుంటిమి గదా!"

"ఆకు ఎండితే గోనె కప్పుతం. నాకు గదే తెల్సు కొడుకా," అంది గోదావరి.

వాడు కోపంగా గోనె లాగి పారేశాడు. లాగినవాడు లాగినట్టే నిలబడిపోయాడు. బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. గోడవైపు మాడి నల్లబడి ఉంది. ఆ మాడు ఇవాళ్టిది కాదు. లోపల్నుంచి సుయ్యిమని చప్పుడు.

"స్నేహా! పిల్లను తీస్కొని రోడ్డు మీదికి ఉరుకు!"

చెయ్యి కమిలినా వైర్లు పీకి, చక్రాల పలక మీదున్న ఆ బ్యాటరీని కట్టెతో నెట్టుకుంటూ పెరట్లోకి తోశాడు. గోదావరి వాడి అంగీ పట్టి వెనక్కి గుంజింది. తల్లీకొడుకులు గడప దాటి లోపలికి వచ్చారో లేదో, పెరడంతా భగ్గుమంది. జామచెట్టు ఒక పక్క కళ్లముందే మాడిపోయింది.

ఫైరింజను వాళ్లు మంట ఆర్పి, మిగిలిన బ్యాటరీలను బయటికి మోసుకెళ్లాక, శేఖర్ ఖాళీ ఉయ్యాల పక్కకొచ్చి గోడకు అరచెయ్యి ఆనించాడు. ఇంకా కాలుతోంది.

"పొద్దుగాల్నే అంటివి గదవ్వా, చెయ్యి పెట్టి సూడుమని..." గోదావరి భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"పిల్ల మంచిగున్నది. గంతే సాలు బిడ్డా," అంటూ ఆమె కొంగు తడిపి, కమిలిన వాడి చేతికి చుట్టింది.

సాయంత్రం దాకా గోడ చల్లారలేదు. అప్పటిదాకా శేఖర్ పిల్లను భుజం మీంచి దించలేదు.