జీడిసొన

వంశధారకు వరదొచ్చి టెక్కలి రోడ్డు మీద లారీలన్నీ నిలిచిపోయిన ఏడు అది. ఢిల్లీ గూఢచారి ఆఫీసులో చీఫ్ టేబుల్ మీద ఒక జీడిపిక్క పెట్టాడు.

"ఆరోన్, దీని పప్పు కమ్మన. పెంకులో సొన మాత్రం నిప్పు. మామిడి సొనకీ, చాకళ్ళు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడికీ దగ్గర చుట్టం. ఒక విదేశీ ముఠా ఈ సొనని పలాస టిన్నుల్లో కలపబోతోంది. తిన్నవాడి నోరు బొబ్బలెక్కితే మన పప్పు ఇంకెవడూ కొనడు. మన ఏజెంట్ ప్రమోదిని రెండు నెలలుగా అక్కడ పిక్కలు కొడుతోంది. ఆ ఊరు తెలుసా?"

"తెలీదు సార్. మాది విశాఖ."

అబద్ధం. వాళ్ళమ్మ దోర్కాస్ పలాసలో పిక్కలు కొట్టి అతన్ని చదివించింది. బడికి క్యారేజీ తెచ్చిన ఆమె సొనకి నల్లబడ్డ చేతులు చూసి తోటి పిల్లలు నవ్వారు. ఆనాటి నుంచి ఆ పని చేసే ఆడవాళ్ళ చేతులకేసి చూడటం మానేశాడు.

పలాస స్టేషన్‌లో ఆరోన్ బొంబాయి ఎక్స్‌పోర్టర్ ప్రదీప్ కుమార్‌గా దిగాడు. నల్లద్దాలు, జేబులో పెన్ కెమెరా. నేతచీరలోనూ సినిమా తారలా ఉన్న ప్రమోదిని ఎదురొచ్చింది.

"పోర్చుగీసువాడు జీడిచెట్టు ఎందుకు తెచ్చాడు?"

"తినడానికి కాదు. మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచడానికి."

కోడ్ కలిసింది.

"బాయిలర్ దగ్గరుండే అప్పలరాజు ముఠా మనిషి. వాణ్ణి వదలకండి," అంది.

మర్నాడు ఫ్యాక్టరీలో షావుకారు రామూర్తి అన్నీ చూపిస్తున్నా ఆరోన్ చూపు అప్పలరాజు మీదే ఉంది. ఆఖరి టిన్నులు నిండుతున్నాయి. గేటు దగ్గర లారీ స్టార్టయింది.

"ఒరే ఆరోనూ! ఎప్పుడొచ్చినావురా నాయనా?"

పిక్కల వరసలోంచి దోర్కాస్ లేచింది.

"మీకు తెలుసా సార్?" అన్నాడు రామూర్తి.

"ఎవరో. పొరబడింది."

మారువేషం బయటపడకూడదనే అలా అన్నాననుకున్నాడు. కానీ గొంతులో ఆ విదిలింపు మారువేషానికి అక్కర్లేదు. అది అతనికీ తెలుసు.

ఆమె పక్కన పిక్కలు కొడుతున్న ఇందుమతి నవ్వింది. "అత్తా, కళ్ళకి సుక్లాలొచ్చినాయేటి? దొరబాబుని పట్టుకుని కొడుకంతన్నావు!"

"అవునే. మావోడు ఇలగ ఎందుకుంతాడు," అంటూ దోర్కాస్ చేతులు కొంగులో దాచుకుంది.

ఆ దాచుకోవడం అతనికి గుచ్చుకుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి వరసంతా చూశాడు. ఎన్ని చేతులు! సొన అంటకుండా బూడిద రాసుకున్నా ఒక్కటీ తెల్లగా లేదు.

టిన్నుల దగ్గర ప్రమోదిని సెంటు సీసా మూత తీస్తోంది. ఆ వేళ్ళు ఒలిచిన పప్పులా తెల్లగా ఉన్నాయి.

రెండు నెలలు పిక్కలు కొట్టిన చేతులా అవి?

ఒక్క దూకు. మణికట్టు మెలితిప్పాడు. సీసాలోని సొన టిన్నులో పడలేదు, అతని అరచేతిలో పడింది. భగ్గుమంది.

"నిన్ననే సేరినాది బాబూ ఈవిడ!" ఇందుమతి అరిచింది. "ఒక్క పిక్కా కొట్టనేదు!"

అంటే చీఫ్‌కి పంపిన రెండు నెలల రిపోర్టులూ అబద్ధమే; ముఠాకి అమ్ముడుపోయింది ప్రమోదినే.

"మరి నానేటి సేసినానని పొద్దున్నుంచి నా ఎనకే తిరగతన్నారు?" అన్నాడు అప్పలరాజు.

ప్రమోదినిని పోలీసులకి అప్పగించిన మర్నాడు పొద్దున్నే ఆరోన్ నల్లద్దాలు తీసేసి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాడు. ఆడవాళ్ళందరి ముందూ, "అమ్మా," అన్నాడు.

"నిన్న నానెవరో తెలీదన్నావు గదరా?"

ఆమె అతని చేతిని తిప్పి చూసింది. బొబ్బల చుట్టూ నల్లటి మరక.

"మొదట అందరికీ ఇలగే కాల్తాది. బూడిద రాసుకోవాల," అంటూ కొబ్బరినూనె రాయసాగింది.

దేశ రహస్యాలన్నీ దాచగలిగినవాడికి మరకపడ్డ తన చెయ్యి మాత్రం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.