తుడుచుకున్న కాళ్లు

శనివారం ఉదయం ఏడు గంటలు. ఆరో తరగతి గదిలో బీరువా తాళం విరిగి ఉంది. బడి టీచర్లకే పెట్టిన ఇంగ్లీషు పరీక్ష జవాబు పత్రాలు మాయం.

సార్జెంట్ నెనిత పల్మారెస్ గుమ్మంలోనే ఆగింది. ఇలోయిలో నగరం పక్కనున్న ఈ ఊళ్లో ఆమె చదువుకున్నదీ ఈ గదిలోనే.

ప్రిన్సిపాల్ సలపాంతన్ అప్పటికే దొంగను తేల్చేశాడు.

"వీడే మేడమ్! రాత్రి కాపలా వీడిదే. సోమవారం జెండా ఎగరేశాక పిల్లలందరి ముందూ టీచర్ల మార్కులు చదవాలి. నా పరువేం కాను? తెరోయ్, డ్యూటీ దిగు. మళ్లీ ఈ గేటు తొక్కకు."

వాచ్‌మన్ తెరోయ్ మొహం మాడిపోయింది.

"నాకెందుకు సార్ ఆ కాగితాలు? అడ్జెక్టివ్‌లు వండుకు తింటానా?"

వరండాలో నిలబడ్డ టీచర్లు ఎవరూ నవ్వలేదు. ఎవరూ నోరు మెదపలేదు కూడా.

నెనిత నేల చూసింది. శుక్రవారం సాయంత్రం పిల్లలు ఎర్రమైనం పూసి వెళ్తారు. సోమవారం కొబ్బరిపీచుతో రుద్ది మెరిపిస్తారు. అందాకా లోపల ఎవరూ అడుగుపెట్టరు. ఆ మైనం మీద బీరువా దాకా చిన్నచిన్న ఉత్తపాదాల గుర్తులు.

"చూశారా? వీడే ఎవడో పిల్లవెధవని పంపాడు!" అన్నాడు ప్రిన్సిపాల్.

"వాన ఎప్పుడు మొదలైంది మానోంగ్?" తెరోయ్‌ని పెద్దన్నలా పిలిచి అడిగింది నెనిత.

"తొమ్మిదింటికి. తెల్లారేదాకా ఒకటే కుంభవృష్టి."

"బీరువా ఎప్పుడు చూశావు?"

"పదింటికి గుమ్మంలోంచి టార్చి వేశాను. తాళం బాగానే ఉంది."

"అంటే దొంగ వానలో, బురదలో వచ్చాడు. మరి లోపల బురదేది?"

ప్రిన్సిపాల్ వంగి నేల చూశాడు.

"చెప్పులు బయట విప్పి, గుడ్డకి కాళ్లు తుడుచుకుని మరీ తాళం పగలగొట్టే పిల్లవెధవలుంటారా సార్? పిల్లలు పూసిన మైనం పాడవుతుందని అంత బాధ ఎవరికుంటుంది?"

నెనిత తన బూట్ల వైపు చూసుకుంది. బురద కాళ్లతో వచ్చినందుకు ఇదే గుమ్మంలో టీచర్ చేత తనెన్నిసార్లు తిట్లు తిందో!

"చాలు ఇందాయ్, చాలమ్మా. నేనే తీశాను."

పొట్టిగా, చిన్న పాదాలతో ఉన్న లియోనోరా టీచర్ వరండాలోంచి ముందుకొచ్చింది. ఆ గది ఆవిడదే.

"నామవాచకం ఎలాంటిదో చెప్పేది అడ్జెక్టివ్, పని ఎలా జరిగిందో చెప్పేది ఆడ్వర్బ్. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మీ అందరికీ నేనే గదా నేర్పాను? పరీక్షలో కంగారుపడి 'పాప అందంగా పాడింది' అనే చోట 'అందమైన' అని రాసొచ్చాను. ఒకటి కాదు, వరసంతా అంతే. పిల్లల ముందు ఆ మార్కులు చదువుతారంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికెళ్లి పొయ్యిలో పెట్టేశాను."

ఆవిడ తెరోయ్ వైపు తిరిగి అతని చెయ్యి పట్టుకుంది. పిల్లలు పెద్దలకి దండం పెట్టేటప్పుడు చేసినట్టు ఆ చేతిని నుదుటికి తాకించుకోబోయింది.

తెరోయ్ గభాల్న చెయ్యి లాక్కున్నాడు.

"వద్దు టీచర్! మీ దగ్గర చదువుకున్నవాణ్ని." వరండా వైపు చూసి అన్నాడు, "ఇందాక సార్ నన్ను పొమ్మన్నప్పుడు మీరిక్కడే ఉన్నారు గదా?"

"ఉన్నానురా."

"అంతా విన్నారు గదా?"

లియోనోరా టీచర్ తల వంచేసుకుంది. నెనితకి ఎటు చూడాలో తెలియలేదు.