ఒకే లైను, నలభై ఒక్క పేర్లు

ఉదయం పదకొండుకు డైరెక్టర్ తన గది స్టీలు తలుపు మూసి, ఏజెంట్ త్రాసుకు పని అప్పగించాడు. రెండు వైపులా తూచందే అడుగు వేయడని ఆ ఏజెంటుకు ఆ మారుపేరు.

ఎనిమిది బ్రాంచీల్లోని నాలుగు వందల ఇరవై కంప్యూటర్లకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఈ భవనం నుంచే వెళతాయి. నిన్నటిదాకా అరగంటలో ముగిసే పని ఇవాళ పదకొండు శాతం దగ్గర నీలుగుతోంది. సిస్టమ్స్ మేనేజర్ ‘నెమలి’ అప్‌డేట్ల ముసుగులో విదేశీ ముఠాకు ఒక జాబితా పంపుతోందని డైరెక్టర్ చెప్పాడు. సరిహద్దు అవతల దొంగపేర్లతో బతుకుతున్న మన నలభై ఒక్క మంది గూఢచారుల అసలు పేర్లవి. అవి ముఠా చేతికి అందితే సాయంత్రానికి ఒక్కరూ మిగలరు. పదిహేడో పేరు త్రాసు సొంత అక్కది.

“పన్నెండు లోపు అప్‌డేట్లన్నీ క్యాన్సిల్ కావాలి. అడ్డొస్తే కాల్చెయ్.”

రిపేరు మనిషి నీలం చొక్కా, అతికించిన మీసం, టూల్ కిట్ అడుగున సైలెన్సర్ తుపాకి. పదకొండున్నరకు త్రాసు సర్వర్ రూములో ఉన్నాడు. చలి ఎముకలు కొరుకుతోంది. వందల ఆకుపచ్చ దీపాలు రెప్ప వేయకుండా చూస్తున్నాయి.

నెమలి కుర్చీ తిప్పింది. మెడలో ముత్యాలు, ఎర్రటి పెదవులు. ముఠా జీతం తింటూ మనకు కబుర్లు చేరవేస్తుందని ఒక పుకారు, మన జీతం తింటూ వాళ్లకు చేరవేస్తుందని ఇంకొకటి.

“మీసం ఎడమవైపు ఊడుతోంది” అంది. “కాల్చే ముందు ఒక్క లెక్క చూడండి. దొంగకు తొందరుంటుంది. నేనే దొంగనైతే నా లైను నేనే ఎందుకు జామ్ చేసుకుంటాను?”

జాబితా ఇవాళ బయటికి పోతుందని ముఠా వైపు నుంచే ఆమెకు తెలిసింది. ఎవరి కంప్యూటర్ నుంచో తెలియలేదు. లైను తెంపితే దొంగ జాగ్రత్తపడి ఇంకో దారి చూసుకుంటాడు. అందుకే రూలు తప్పి, అప్‌డేట్లన్నీ ఒకేసారి వదిలి దారి కిక్కిరిసేలా చేసింది. ఫైలు చివరి అక్షరం దాకా చేరితేనే అవతల తెరుచుకుంటుంది.

త్రాసు తూచాడు. ఆలస్యమైతే నష్టం ఎవరికో, సరుకు వాడిదే. పెన్నులా కనిపించే ట్రాఫిక్ మీటరును కేబుల్‌కు తగిలించాడు. పంపుతున్న కంప్యూటర్ నంబరు మెరిసింది. 501. స్టీలు తలుపు గది. జాబితాలో తొంభై మూడు శాతం అప్పటికే పోయింది.

ఫోను మోగింది. “అయిందా?” అన్నాడు డైరెక్టర్.

“అవుతోంది సార్.”

డైరెక్టర్ కంప్యూటర్‌ను ఆపే అధికారం నెమలికి లేదు. కానీ అప్‌డేట్ అందిన ఏ కంప్యూటరైనా, ఆయనదైనా సరే, పన్నెండుకు తనంతట తానే రీస్టార్ట్ కావాలి. వాయిదాకు అదే ఆఖరి గడువు. అప్‌డేట్లు క్యాన్సిలైతే గడువూ పోతుంది. పన్నెండు లోపు అని ఆయన ఎందుకన్నాడో త్రాసుకు అప్పుడు తెలిసింది.

పదకొండూ యాభై రెండు. మీటరు ముల్లు వేగం అందుకుంది. విసిగిపోయిన బ్రాంచీల వాళ్లు ఒక్కొక్కరే ‘పాజ్’ నొక్కుతున్నారు. లైను ఖాళీ అవుతోంది.

ఇద్దరూ చెరో ఫోను అందుకుని అప్‌డేట్లు మళ్లీ మొదలుపెట్టమని బ్రాంచీలను బతిమాలసాగారు. నాలుగో బ్రాంచి హెడ్ క్లర్క్ మొండికేశాడు.

“పొద్దుట్నుంచీ తిరుగుతున్న చక్రాన్ని ఇప్పుడే ఆపి రెండుత్తరాలు కొట్టుకుంటున్నా. మళ్లీ తిప్పమంటావా? నేను రిటైరయ్యే లోపు ఆగుతుందా అది?”

“ఎనిమిది నిమిషాలు, బాబాయ్. మా అక్క ప్రాణం.”

అక్కేంటో, కంప్యూటరేంటో అని గొణుగుతూనే నొక్కాడు. తన గదిలో మిగతా ముప్పైమంది చేతా నొక్కించాడు.

తొంభై ఏడు. తొంభై ఎనిమిది. డైరెక్టర్ మళ్లీ చేసిన ఫోను మోగి మోగి ఆగింది. తొంభై తొమ్మిది దగ్గర ముల్లు వణికింది.

పన్నెండు. ముల్లు సున్నాకు పడిపోయింది.

తుపాకీతో కిందికి పరిగెత్తబోయిన డైరెక్టర్ స్టీలు తలుపు తనే తెరిచాడు. గుమ్మంలో, మెట్లెక్కి వచ్చిన త్రాసు తుపాకి ఎదురైంది. గదిలో స్క్రీన్ మీద ఒకటే మాట: అప్‌డేట్ అవుతోంది, ఒక శాతం.

బేడీలు పడ్డాక కూడా ఆయన చూపు దాని మీదే ఉంది.

“తొందరేం లేదు సార్” అంది వెనకే వచ్చిన నెమలి. “మీకింక ఆఫీసు టైము లేదుగా.”