మినోబె గారి ఆఖరి సంపుటం

క్యోటోలో కాలవ పక్కనున్న మినోబె గారి ఇంటి వైపు చీకటి పడ్డాక కుక్క కూడా పోదు. ఆయన పోయారు. భార్యని కూతురు ఒసాకా తీసుకెళ్లిపోయింది. ఇంటికి తాళం... అయినా లోపల్నుంచి ఎవరో చదువుతున్న గొంతు!

నాది పాత పుస్తకాల కొట్టు. ఇది నా కొట్టుకి తరచూ వచ్చే కుసాకబె నోట విన్నదే. ప్రాచీన తత్వగ్రంథాల నకలు ప్రతులంటే అతనికి పిచ్చి — పురుగు తిన్న చిల్లులతో సహా అసలు ప్రతిని అచ్చంగా దింపేసినవి. పుస్తకం పెట్టి అమ్మే అట్టపెట్టెకి చుట్టిన కాగితం పట్టీ కూడా విప్పడు. విప్పితే విలువ పోతుందట!

"ఇంట్లో బియ్యం నిండుకున్నా పట్టదు గానీ, ఒక్క సంపుటం తక్కువైతే నిద్రపట్టదు మహానుభావుడికి," అని వాళ్లావిడ దెప్పేది.

ఆ తక్కువైన ఆఖరి సంపుటం మినోబె గారింట్లో ఉంది. తెల్లారితే ఇల్లు కూల్చేస్తారు. "కావలిస్తే తీసుకోండి," అని కూతురు తాళంచెవి ఇచ్చింది.

కుసాకబె పని ముగించుకుని వెళ్లేసరికి చీకటి పడింది. చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టాడు. కరెంటు లేదు. లోపలి గదిలో — గొంతు. సన్నగా... ఆగి ఆగి... చదువుతోంది.

వెనక్కి తిరిగితే పుస్తకం చెత్తపాలు! పళ్లు బిగబట్టి గది తలుపు పక్కకి జరిపాడు.

కొవ్వొత్తి ముందు ముసలావిడ. మినోబె గారి భార్యే! ఆవిడ చేతిలో ఆ సంపుటమే — పట్టీ చింపేసి ఉంది.

"అయ్యయ్యో! చింపేశారా!" భయం మరిచి లబోదిబోమన్నాడు.

"చదవని పుస్తకం ఊరగాయ పెట్టుకోవడానికా?" గుసగుసగా కసిరింది. "కూతురికి చెప్పకుండా రోజూ రైలెక్కి వచ్చి పెరటి తలుపు తీసుకుంటున్నా. మా ఆయన కొనడమే గానీ ఒక్కటీ చదవలేదు. పోయాక ఇప్పుడు... చదివి వినిపించమంటున్నారు. నా కళ్లా కనబడవు. తీసుకుపో. ఇక నువ్వే చదవాలి మరి."

"అలాగేనమ్మా, అలాగే!" పుస్తకం అందుకుని ఎదురుగా కూర్చోడానికి వేసిన దిండు మీద కూలబడ్డాడు. దిండు... వెచ్చగా ఉంది.

"అక్కడ కాదు బాబూ," అందావిడ. "ఆయన కూర్చున్నారు."

చెప్పులు కూడా వేసుకోకుండా ఒకటే పరుగు! పుస్తకం మాత్రం చంకలోనే ఉంది.

మొన్న పొద్దుపోయాక కుసాకబె ఇంటికి వెళ్లాను. సంపుటాలన్నీ సమకూరాయి, మనిషి మాత్రం పీక్కుపోయాడు. గదిలో మేమిద్దరమే. గొంతు బొంగురుపోయినా పైకి చదువుతూనే ఉన్నాడు. నాకు జాలేసింది.

"కాసేపు ఆపవయ్యా," అన్నాను.

ఆపాడు.

నా వెనక... ఎవరో చిన్నగా దగ్గారు.