వుకోమిర్ ఆరో తూటా

"సోమవారం పొద్దున పదింటి దాకా ఈయన బతికుండాలి," అన్నాడు కర్నల్ బోగ్దాన్. "కళ్ళూ చేతులూ నోరూ అన్నీ బాగుండాలి."

టేబుల్ మీదుగా తోసిన ఫోటోను ఏజెంట్ దామ్యాన్ రకిచ్ అందుకున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. తెల్లటి గుబురు మీసం. ఫోటో తీసినవాడి మీద కూడా కోపంగానే ఉన్నట్టున్నాడు.

"వుకోమిర్ పేత్కోవిచ్. తూటాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు నాణ్యత చూసిన ఇంజనీరు. పనికిరావని పారేసిన తూటాలను సరిహద్దు అవతలి ముఠా ఒకటి కొత్త డబ్బాల్లో పెట్టి అమ్ముతోంది. వాటితో తుపాకులు చేతుల్లోనే పేలి పదకొండు మందికి చూపు పోయింది. అందులో ఒకడు ఈయన తమ్ముడి కొడుకు. ఏ తూటా ఎక్కడిదో చూసి చెప్పగలిగేది ఈయనొక్కడే. సోమవారం కోర్టులో సాక్ష్యం."

"అందాకా ఎక్కడైనా దాచేద్దాం సార్."

"దాచనిస్తేగా! రేపు వాల్యెవో ఊరి క్లబ్బులో పిస్తోలు పోటీ. ఆయనకసలు వెళ్ళే ఉద్దేశమే లేదట. ఇంట్లోంచి బయటికొస్తే చంపుతామని ముఠా ఉత్తరం రాసింది. ఆ సాయంత్రమే వెళ్ళి పేరిచ్చేశాడు."

దామ్యాన్ తల పట్టుకున్నాడు. సెర్బియాలో పుట్టి పెరిగినవాడికి ఇది కొత్త కాదు. వద్దన్న పని చెయ్యకపోతే పరువు పోయిందనుకునే జనం. వాళ్ళమ్మ కూడా అంతే.

శనివారం పొద్దున్నే దామ్యాన్ సేఫ్టీ ఆఫీసర్ వేషంలో క్లబ్బు కాల్పుల రేంజిలో దిగాడు. పసుపు జాకెట్టు, మెడలో ఈల. చెవులకు పెద్ద మఫ్‌లు. అవి కాల్పుల మోతను ఆపుతాయి, లోపల రహస్య రేడియో కూడా ఉంది. అందులోంచి కర్నల్ ఊపిరాడనివ్వకుండా మాట్లాడుతూనే ఉన్నాడు.

చూస్తే ఒళ్ళు మండిపోయే దృశ్యం. సగం మంది ఇంట్లో మందు కూరుకున్న తూటాలను పచ్చడి సీసాల్లో పోసుకొచ్చారు. బల్లల మీద తుపాకుల పక్కనే రకియా సారా గ్లాసులు. క్లబ్బుకున్న రెండు డజన్ల రక్షణ కళ్ళజోళ్ళలో ఒక్కటంటే ఒక్కటే వాడకంలో ఉంది. గొర్రెపిల్లను కాలుస్తున్న వంటవాడు పొగ తగలకుండా పెట్టుకున్నాడు!

"అయ్యా, ఆ గ్లాసు తీసెయ్యండి."

"ఎందుకూ? చెయ్యి వణక్కుండా ఉంటుంది."

"కళ్ళజోడైనా పెట్టుకోండి."

"నలభై ఏళ్ళుగా కాలుస్తున్నా. ఏమైందోయ్ నాకు?"

ఏం కాలేదు నిజమే. అదే దామ్యాన్ కడుపుమంట.

వుకోమిర్ మూడో వరసలో ఉన్నాడు. కళ్ళజోడు లేదు, మఫ్‌లు లేవు.

"బాబాయ్, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇవి పెట్టుకోండి."

"ఆ ఉత్తరం వచ్చాక ఇంటి తలుపు కూడా గడియ వెయ్యట్లేదురా అబ్బాయ్. ఇవి పెట్టుకున్నాననుకో, ముసలోడు జడుసుకున్నాడంటారు. మా తమ్ముడి కొడుకు నా గొంతు గుర్తుపట్టి నవ్వుతాడు, తెలుసా? నా మొహం చూసి కాదు. నేను జడవను పో."

దామ్యాన్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ఆ ముసలాయన్ని కావలించుకోవాలనిపించింది, రెండు తగిలించాలని కూడా అనిపించింది.

అప్పుడే ఆకుపచ్చ కోటులో సిమోనీద వచ్చింది. మూడు దేశాల్లో పోటీ తూటాల వ్యాపారం. ముఠాలో ఉంటూ మనకు సమాచారమిచ్చే మనిషి. ఆమె నడిచొస్తుంటే గురి చూస్తున్నవాళ్ళ తుపాకులు కూడా కాస్త పక్కకు తిరిగాయి. దామ్యాన్ ఈల ఊది తిట్టాల్సి వచ్చింది.

"ఈ ఏడు ఆల్‌బుఖారాలు ఎలా కాశాయి?" అడిగాడు మెల్లగా.

"సగం వడగళ్ళకు రాలిపోయాయి." కోడ్ సరిపోయింది. "ఎదురు కొండ మీద దూరం నుంచి కాల్చేవాడు ఉన్నాడు. అక్కడి చెట్ల మధ్య. నువ్వు ఆ వైపే చూస్తూ ఉండు."

దామ్యాన్ బైనాక్యులర్స్ ఎత్తాడు. వెనక ఆమె గొంతు తియ్యగా వినిపించింది. "వుకోమిర్ బాబాయ్! మీ కోసమే తెచ్చాను. ఉండండి, మ్యాగజైన్ నేనే నింపుతాను."

తూటాలు మచ్చలేని కొత్త ఇత్తడి. ముద్ర కూడా సరైనదే. తూకం వేస్తే ఇంకేమైనా తెలిసేదేమో. కానీ బహుమతి ఇచ్చినమ్మాయి ఎదుటే తూకం వెయ్యడం ఆ ఊళ్ళో ఏ మగాడూ చెయ్యని పని. వుకోమిర్ మీసం దువ్వుకుని థాంక్స్ చెప్పాడు.

పోటీ మొదలైంది. రెండు నిమిషాల్లో పది తూటాలు.

"ఎడమ వైపు చూడు," రేడియోలో కర్నల్. "ఇంకా పైన. ఏం కనిపిస్తోంది?"

"చెట్లు సార్."

"చెట్ల మధ్య?"

"చెట్లే సార్!"

"నిన్ను పంపడమే నా బుద్ధితక్కువ."

దామ్యాన్‌కు ఇక సహనం చచ్చింది. మఫ్‌లు పీకి గడ్డిలోకి విసిరికొట్టాడు. చుట్టూ ఢాం ఢాం అంటూ చెవులు పగిలిపోతున్నాయి. అంతలో ఒక్క క్షణం సద్దుమణిగింది. ఆ సందులో మూడో వరస నుంచి బిరడా తీసినట్టు చిన్న శబ్దం.

ఠప్.

ఎదురుగా ఉన్న గురి అట్ట మీద ఐదు రంధ్రాలే ఉన్నాయి. ఆరో తూటా బయటికి రాలేదు. మందు లేని తూటా! అడుగున ఉండే చిన్న టోపీ మాత్రమే పేలి, సీసపు ముక్క గొట్టంలోనే ఇరుక్కుని ఉంది. దాని వెనక ఏడోది పేలితే పిస్తోలు ఆయన మొహం మీదే ముక్కలవుతుంది. కొండ మీద హంతకుడెవడూ లేడు. హంతకురాలు ఆ మ్యాగజైన్‌ను తన చేత్తోనే నింపింది.

ఫ్యాక్టరీ మోతకు సగం చెవుడు వచ్చిన వుకోమిర్, తూటా పేలలేదనుకున్నాడు. విసుక్కుంటూ స్లయిడ్ లాగి ఏడోది ఎక్కించాడు.

"ఆపండి! దించండి!" దామ్యాన్ అరుస్తూ పరుగెత్తాడు. ముప్ఫై అడుగుల దూరం, మధ్యలో బల్లలు.

"ఆపను!" వుకోమిర్ తల కూడా తిప్పలేదు. "నువ్వెవడివిరా నన్నాపడానికి!" చెయ్యి ఎత్తాడు. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళింది.

అందుకోలేడు. వివరించే టైము లేదు. పొద్దుటి నుంచి తను చెప్పిన ప్రతి మాటకూ ఈయన ఏం చేశాడో దామ్యాన్‌కు ఒక్కసారిగా తట్టింది. ఈ ఎత్తు తప్పితే ఒక మనిషి కళ్ళు పోతాయి. పిచ్చి ధైర్యంతో గొంతు చించుకున్నాడు.

"సరే, కాల్చు! ఇది నా ఆర్డర్! నేను మూడు అనగానే కాల్చాలి! నా మాట వినాల్సిందే! ఒకటి! రెండు!"

వుకోమిర్ చెయ్యి గాల్లోనే ఆగింది. మొహం కందగడ్డయింది.

"నువ్వు మూడంటే నేను కాల్చాలా? నాకు ఆర్డరేస్తావా, నిన్నగాక మొన్న పుట్టినోడివి!" పిస్తోలును బల్ల మీద పెట్టేశాడు, గొట్టం అట్ట వైపే ఉంచి. "కాల్చను. ఏం చేస్తావో చేసుకో."

దామ్యాన్ వచ్చి పిస్తోలు మీద పడ్డాడు. ఏడో తూటాను తీసేశాడు. గొట్టంలోకి ఇత్తడి కడ్డీ పెట్టి కొడితే సీసపు ముక్క బల్ల మీదికి దొర్లింది. వుకోమిర్ దాన్ని తీసుకుని చాలాసేపు చూశాడు.

సిమోనీద కాంక్రీటు స్తంభం వెనక నిలబడి ఉంది. కళ్ళజోడు, మఫ్‌లు, చేతులకు గ్లవ్స్. కారు వైపు నడవబోతుంటే గేటు దగ్గర కర్నల్ కాపలా పెట్టిన మనుషులు అడ్డుపడ్డారు.

"రెండు వైపులా జీతం తీసుకున్నావన్నమాట," అన్నాడు దామ్యాన్.

"నీ గొంతు ఇంత పెద్దదని ఎవరూ చెప్పలేదు," అంది ఆమె, చేతులు ముందుకు చాపుతూ.

సోమవారం పదింటికి వుకోమిర్ సాక్ష్యం చెప్పాడు. రెండు గంటలు, పదకొండు డబ్బాలు, ఒక్కచోట కూడా తడబడలేదు. బయటికొచ్చి, మెట్ల మీద నిలబడ్డ దామ్యాన్ చేతిలో ఒక కవరు పెట్టి వెళ్ళిపోయాడు. థాంక్స్ చెప్పలేదు.

అది క్లబ్బుకు ఇచ్చిన ఫిర్యాదు నకలు. కాల్పులు జరుగుతుండగా సేఫ్టీ ఆఫీసర్ మఫ్‌లు తీసేశాడు, గీత దాటి పరుగెత్తాడు, పోటీదారుణ్ని కాల్చమని రెచ్చగొట్టాడు. ఏడాది పాటు రేంజిలోకి రానివ్వరాదు. దామ్యాన్ పళ్ళు కొరుక్కుంటూ రెండుసార్లు చదివాడు. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అడుగున వుకోమిర్ పేత్కోవిచ్ సంతకం ఉంది, మొన్న పిస్తోలు పట్టిన కుడిచేత్తోనే తీరుబడిగా చేసింది.